పవరు దొరసాని – ఆర్గోనాటు గుల్ల



నాటుమందుల అంగడులలో సముద్రపు నురుగు అను పేరుతో అమ్ముడుపోవు తెల్లని తేలికబిళ్లను మీలో పలువురు చూచియుందురు. వైద్యులు దానిని సముద్రఫేనమందురు. పేరు నురుగే గాని నిజమునకది నురుగు కాదు. కటిల్‌ఫిష్ అను సముద్రజంతువు తన వీపులోపల దాచుకొనియుండు గుల్ల యది. జంతువు చచ్చి శరీరము కుళ్లిపోయిన పిదప ఆ గుల్ల నీటిపై తేలి ఒడ్డునకు కొట్టుకొనివచ్చును. చూచినవారు నురుగు గట్టిపడినదని తలంచిరి. సముద్రజీవుల విషయమున మనుష్యు లిట్లు పొరబడుట క్రొత్తగాదు. అట్టి పొరబాటులలో ఒకటి రెండువేల యేండ్లకు పైబడి నిలిచియుండెను. దానిని సరిదిద్దినది ఏ విశ్వవిద్యాలయమునను చదువని యొక కుట్టుపనివారి పిల్ల. ఆమె చరిత్రమే ఈ వ్యాసమునకు విషయము.

ముందుగా ఆ పొరబా టెట్టిదో తెలిసికొనవలెను. నత్తలు, ఆల్చిప్పలు, ఆక్టోపసులు అన్నియు మృదుశరీరముగల యొక్క వంశమునకు చెందినవి. మెత్తని శరీరమును కప్పియుండు ప్రావారమను పొర సున్నమును స్రవించి వీనికి గుల్లను కట్టును. ఈ వంశములో గుల్ల పలువిధములుగా మారినది. దంతశంఖమను చిన్న ప్రాణి గుల్ల ఏనుగు దంతమువలె వంగి, రెండు కొనలయందును తెరచియుండును. ఆ ప్రాణి వెడల్పు కొనను ఇసుకలో పూడ్చుకొని, సన్నని కొనను నీటిలోనికి నిలిపి, దారములవంటి స్పర్శాంగములతో ఇసుకలోని సూక్ష్మజీవులను పట్టి తినును. స్క్విడ్డునకు గుల్ల శరీరములోపలికి పోయి, సన్నని ఈకవంటి పలుకగా మిగిలినది. ఆక్టోపసునకో, గుల్ల దాదాపు పూర్తిగా పోయినది. మూడు హృదయములు, నీలివర్ణపు రక్తము, ఎనిమిది చేతులు కలిగి, ఏ కవచమును లేక, రాళ్ల సందులలో దాగి అది జీవించును.

అట్టి ఆక్టోపసు కుటుంబములోనే ఆర్గోనాటు అను నొక జాతి కలదు. వెచ్చని సముద్రముల పైనీటిలో తిరుగు ఈ జీవి మాత్రము కాగితమువలె పలుచనై, పాలవలె తెల్లనై, అంచులందు పళ్లుదేరిన సుందరమైన గుల్లలో కూర్చుండును. గ్రీకుల పురాణగాథలో ఆర్గో అను ఓడపై ప్రయాణముచేసిన వీరుల పేరే దీనికి పెట్టబడినది. చిత్రమేమనగా, నత్త తన గుల్లకు కండరములచే అతుకుకొనియున్నట్లు ఈ జీవి తన గుల్లకు అతుకుకొనియుండదు. లాగిన వెలుపలికి వచ్చును. మరి ఆ గుల్ల దానిదేనా? లేక ఖాళీశంఖములో దూరి కాపురముండు పీతవలె, వేరొక ప్రాణి కట్టిన యింటిని ఇది దొంగిలించినదా?

సుమారు 2,300 సంవత్సరముల క్రిందట గ్రీకు పండితుడగు అరిస్టాటిల్ ఈ జంతువును గూర్చి వ్రాయుచు, అది తన రెండు చేతులనడుమనున్న పొరను తెరచాపవలె ఎత్తి, గుల్లను పడవగా చేసికొని నీటిపై సాగునని వర్ణించెను. ఆ వర్ణన చిత్రకారులకు, కవులకు మిక్కిలి ప్రియమయ్యెను. గుల్ల ఎవరిదను ప్రశ్న మాత్రము అట్లే నిలిచెను. 19వ శతాబ్దారంభమున ఫ్రాన్సు దేశపు జంతుశాస్త్రజ్ఞుడగు బ్లెన్‌విల్ మొదలగువారు అది దొంగసొత్తే అని వాదించిరి. మరికొందరు కాదనిరి. ఉభయపక్షములవారి యెదుటను ఉన్నవి సారాయిలో ఊరవేసిన చచ్చిన జంతువులును, అలమారులోని ఖాళీగుల్లలును మాత్రమే. చచ్చినది సాక్ష్యము చెప్పదు గదా!

ఈ వాదము సాగుచున్న కాలమునకు కొంచెము ముందు, 1794వ సంవత్సరము సెప్టెంబరు మాసమున, ఫ్రాన్సు నడిమి భాగమున కొరేజు మండలములోని జూలియాకు అను చిన్న యూరిలో ఝాన్ విల్‌ప్రో జన్మించెను. ఆ యూరు సముద్రమునకు దూరము. ఆ కుటుంబము సామాన్యమైనది. తల్లి కుట్టుపని చేసెడిది. ఆమె పసితనము దాటకుండగనే తల్లి మరణించెను. చదువుట, వ్రాయుట తప్ప ఝాను నేర్చిన పాఠశాలావిద్య స్వల్పము. సూదిపని మాత్రము చక్కగా అలవడెను.

పదునెనిమిదవ యేట, అనగా 1812లో, ఆమె పని వెదకికొనుచు పారిసు నగరమునకు బయలుదేరెను. దూరము 400 కిలోమీటర్లకు పైమాట. ఆ దూరమును ఆమె కాలినడకను పోయెనని చెప్పుదురు. నగరములో ఒక దుస్తులు కుట్టువారియొద్ద సహాయకురాలుగా కుదిరి, కొలది కాలములోనే ఆ పనిలో ఆరితేరెను. 1816లో ఫ్రాన్సు రాజు పదునెనిమిదవ లూయీ అన్నదమ్ముల బిడ్డయగు బెరీ ప్రభువునకును, నేపుల్సు – సిసిలీ రాజవంశపు కన్యయగు కారొలీన్‌కును వివాహము జరిగినపుడు, పెండ్లికుమార్తె ధరించిన వస్త్రముపై బుటాపని చేసినది ఈ పల్లెటూరి యువతియే. ఆ వస్త్రము మూలమున ఆమె పేరు నగరములో నలుగురికి తెలిసెను. అటుపిమ్మట జేమ్సు పవరు అను ఆంగ్ల వర్తకునితో పరిచయమై, 1818లో సిసిలీ ద్వీపమునందలి మెస్సీనా రేవుపట్టణమున వారికి వివాహమయ్యెను. నాటినుండి ఆమె పవరు దొరసాని.

భర్త ధనవంతుడు. దొరసాని విందులతోను, వినోదములతోను కాలము గడపినను ఎవరును తప్పుపట్టకుందురు. ఆమె యట్లు చేయలేదు. మొదటిసారి సముద్రతీరమున కాపురముండవచ్చిన ఆమెకు ఆ ద్వీపమంతయు ఒక పెద్ద పాఠశాలగా తోచెను. గ్రంథములు తెప్పించుకొని తనంతట తానే ప్రకృతిశాస్త్రము నభ్యసించెను. సిసిలీయంతట కాలినడకను తిరిగి చెట్లను, సీతాకోకచిలుకలను, రాళ్లను, శిలాజములను, గుల్లలను సేకరించెను. చూచినదానిని వ్రాసికొనుటయు, బొమ్మ గీచికొనుటయు ఆమెకు నిత్యకృత్యములయ్యెను. ఈ తిరుగుళ్ల ఫలముగా సిసిలీని గూర్చిన ఆమె మార్గదర్శిని 1842లో వెలువడెను.

మెస్సీనా రేవులో ఆర్గోనాటులు విస్తారముగా దొరకుచుండెను. 1832 ప్రాంతమున ఆమె వానిని గూర్చి పరిశోధింప నారంభించెను. చచ్చినవానిని కోసి చూచుట తక్కినవారందరును చేసిన పనియే. బ్రతికియున్న దానిని దినదినమును చూడగలిగిననే గాని గుల్ల రహస్యము తేలదని ఆమె గ్రహించెను. కాని సముద్రములోని జంతువును దినదినమును చూచుటెట్లు? అలలలో అది కనబడదు. కుండలో ఉంచిన కొలదిసేపటికే చచ్చును. ఈ చిక్కునకు ఆమె మూడు ఉపాయములు కనిపెట్టెను. ఇంటిలో ఉంచుకొని చూచుటకు సముద్రపు నీటితో నింపిన గాజు తొట్టి మొదటిది. గాజు తొట్టిని బోనులో అమర్చి, కావలసినపుడు సముద్రములో ముంచి, మరల పైకి తీయుట రెండవది. పెద్ద జంతువులకొరకు లంగరులు వేసి తీరపు నీటిలో నిలిపిన పెద్ద బోను మూడవది. నీరు లోపలికి బయటికి ఆడుచుండును, జంతువు మాత్రము బయటికి పోదు. నేడు మన యిండ్లలోను, ప్రదర్శనశాలలలోను చేపలు తిరుగు గాజు తొట్టిని చూచునపుడు, ఒక జంతువును గూర్చిన ప్రశ్నకు ప్రత్యుత్తరము కోరి దానిని మొదట నిర్మించినవారిలో ఈమె అగ్రగణ్యురాలని జ్ఞాపకముంచుకొనదగును. లండను జంతుప్రదర్శనశాలలో ప్రజలకొరకు జలచరశాల తెరువబడినది 1853లో. అప్పటికి దొరసాని తొట్లు మొదలై సుమారు ఇరువది యేండ్లు గడచినవి.

ఇక పరీక్షలు. ఆర్గోనాటు ఆడుది గుల్లలోపల వేలకొలది సన్నని గ్రుడ్లను గుత్తులుగా పెట్టి కాపాడును. ఆ గ్రుడ్లనుండి పిల్లలు వచ్చునంతవరకు దొరసాని వేచియుండెను. అపుడే పుట్టిన పిల్లకు గుల్ల లేదు. కొంత ఎదిగిన పిదపనే చిన్న గుల్ల ప్రారంభమగును. జంతువు ఎదిగినకొలది గుల్లయు దానికి సరిగా పెరుగుచు పోవును. దొంగయైనయెడల, శంఖపు పీతవలె, ఒక గుల్ల చాలనపుడు దానిని విడిచి మరియొకదానిని వెదకుకొనవలెను. ఆర్గోనాటు ఏనాడును అట్లు చేయలేదు. చిన్న జంతువునకు చిన్న గుల్ల, పెద్దదానికి పెద్ద గుల్ల. కుట్టువాడు కొలత తీసి కుట్టినట్లు అన్నియు సరిపోవుచుండెను. కొలతపట్టి కుట్టుట నెరిగిన ఆమె కన్ను ఈ సంగతిని చూడక విడుచునా?

తరువాత ఆమె మరింత కఠినమైన పరీక్ష చేసెను. బ్రతికియున్న ఆర్గోనాటు గుల్లలో ఒక చిన్న ముక్కను విరిచి, జంతువును మరల నీటిలో విడిచెను. దొంగయైనవానికి ఇల్లు బాగుచేయు విద్య రాదు. శంఖములోని పీత పగిలిన శంఖమును అతుకలేదు. కాని ఆర్గోనాటు తన రెండు వెడల్పు చేతులను వెనుకకు చాచి, వాని పొరలను గుల్లపై పరచెను. కొంతకాలమునకు విరిగినచోట పలుచని క్రొత్త పొర ఏర్పడెను. అది క్రమముగా గట్టిపడి గుల్లలో భాగమయ్యెను. ఒక్క జంతువును చూచి ఆమె తృప్తిపడలేదు. మరల మరల, వేర్వేరు జంతువులపై అదే పరీక్ష చేసెను. ఫల మొకటే.

దీనివలన ఒక్క దెబ్బతో రెండు సంగతులు తేలెను. గుల్ల ఆర్గోనాటుదే, దొంగసొత్తు కాదు. అరిస్టాటిల్ కాలమునుండి తెరచాపలని పేరుపడిన ఆ రెండు చేతులు తెరచాపలును కావు. అవి గుల్లను కట్టు తాపీవాని చేతులు, చినిగినదానిని కుట్టు కుట్టువాని చేతులు. తక్కిన మృదుశరీరులకు ప్రావారము గుల్లను కట్టగా, దీనికి మాత్రము చేతులు కట్టుచున్నవి. కావుననే గుల్ల శరీరమునకు అతుకుకొనియుండదు. పండితులను పొరపెట్టినది ఈ భేదమే.

ఈ పరిశోధన కెటానియా పట్టణములోని జోయేనియా అకాడమీ యెదుటికి వచ్చెను. అచటి ఆచార్యుడగు కార్మెలో మరవిన్యా 1834లో దానిని సభకు నివేదించెను. సముద్రములో నిలుపు ఆ బోనులకు పవరు బోనులని పేరు కలిగెను. ఆ సభలో స్థానము పొందిన మొదటి స్త్రీ ఈమెయే. స్త్రీలను విశ్వవిద్యాలయముల గడప తొక్కనీయని దినములవి. శాస్త్రసభలలో స్త్రీ మాట వినువారే అరుదు. అందువలన ఆమె మాటను మాటగా నమ్ముడని కోరలేదు. ఏ రోజున ఏమి చూచెనో వ్రాసి, గుల్లలను, జంతువులను చూపెను. లండనులో ప్రసిద్ధ జంతుశాస్త్రజ్ఞుడగు రిచర్డు ఓవెనునకు చిన్నవి మొదలు పెద్దవాని వరకు వేర్వేరు పరిమాణముల ఆర్గోనాటులను గుల్లలతోకూడ పంపెను. 1839లో ఓవెను వానిని లండను జంతుశాస్త్ర సంఘము ముందుంచి, గుల్ల ఆర్గోనాటుదేయని ఆమె పక్షమున నిలిచెను. పిమ్మట పలు దేశముల శాస్త్రసంఘములు ఆమెను సభ్యురాలిగా గౌరవించినవి.

ఈ విజయమునకు కొంచెము ముందే ఆమెకు గొప్ప కష్టము సంభవించెను. సిసిలీలో ఏండ్లతరబడి సేకరించిన వస్తువులును, వ్రాతలును, బొమ్మలును పెట్టెలకెత్తించి ఓడపై లండనునకు పంపగా, 1838లో ఆ యోడ మునిగిపోయెను. ఇరువది యేండ్ల కష్టములో అధికభాగము సముద్రము పాలయ్యెను. ఏ సముద్రముయొక్క రహస్యమును ఆమె వెలికితీసెనో, ఆ సముద్రమే ఆమె వ్రాతలను మ్రింగెను. మిగిలినవేవి? అంతకుముందే అచ్చయిన పత్రములు, నివేదికలు, ఇతరులకు పంపియిచ్చిన జంతువులు. తనకై దాచుకొన్నది పోయినది, పదిమందికి పంచినది నిలిచినది. పాఠశాలలో నోటుపుస్తకమును తోటివానికి చూపుటకు వెనుకాడు విద్యార్థి ఈ సంగతిని ఆలోచింపవలెను.

ఈ నష్టము తరువాత ఆమె క్రొత్త పరిశోధనలకు పూనుకొనలేదు గాని, వ్రాయుట మానలేదు. 1857లో ఆంగ్లమున ప్రకటించిన వ్యాసమునందు తాను సిసిలీలో చూచిన జంతువుల నడవడులను వర్ణించెను. వానిలో నొకటి మిక్కిలి వింతైనది. పిన్నా అను పెద్ద ఆల్చిప్ప నోరు తెరచియుండగా ఒక ఆక్టోపసు దాని సమీపమున పొంచియుండి, చేతితో ఒక రాతిముక్కను పట్టుకొని, చిప్పలు మూసికొనకుండ వాని నడుమ అడ్డముపెట్టి, పిదప లోపలి మాంసమును తినెనని ఆమె వ్రాసినది. వెన్నెముకలేని ప్రాణి ఒక వస్తువును పనిముట్టుగా వాడుకొనుటను గూర్చిన పూర్వపు వర్ణనలలో ఇది యొకటి. నేటి శాస్త్రజ్ఞులు ఆక్టోపసు బుద్ధిని గూర్చి శ్రద్ధతో పరిశీలించుచున్నారు.

ఆమె ఆర్గోనాటును గూర్చి సమస్తమును కనిపెట్టెనని నే ననుటలేదు. గుల్లలోనున్నవన్నియు ఆడువే. మగవి యెచటనున్నవి? ఫ్రాన్సు దేశపు మహాపండితుడగు క్యూవియే 1829లో ఆర్గోనాటు వంటి జంతువులలో కనబడిన యొక చిన్న వస్తువును పరాన్నజీవియగు పురుగుగా తలంచి దానికి పేరుపెట్టెను. అది పురుగు కాదు. ఆర్గోనాటు మగది గుల్లలేక, అంగుళమునకు మించని యంతటి చిన్నదై యుండును. సంతానోత్పత్తికొరకు దాని చేయి యొకటి తెగి ఆడుదానియొద్ద నిలిచిపోవును. క్యూవియే పురుగనుకొన్నది ఆ చేయియే. జర్మనీ శాస్త్రజ్ఞుడు హైన్రిహ్ ముల్లరు 1853లో మగ ఆర్గోనాటును సంపూర్ణముగా వర్ణించిన పిదప ఈ చిక్కు విడెను. ఇక గుల్ల గ్రుడ్లను కాపాడుటకేనా, మరియేమైన ప్రయోజనము కలదా అను ప్రశ్న ఇంకను మిగిలెను. 2010లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులగు జూలియన్ ఫిన్, మార్క్ నార్మన్ జపాను సముద్రమున బ్రతికియున్న ఆర్గోనాటులను వెంబడించి చూచిరి. అది నీటిపైకి వచ్చి గుల్లలో గాలిని నింపుకొని, చేతులతో మూసి, లోతునకు దుముకును. లోతున ఆ గాలి నొక్కుకొని జంతువు బరువునకు సరిదూగును. అపుడది మునుగక తేలక హాయిగా ఈదును. వారు వాడిన ఉపాయము పవరు దొరసాని ఉపాయమే: చచ్చినదానిని గాక బ్రతికినదానిని దాని నీటిలోనే చూచుట.

1840ల తొలిభాగమున పవరు దంపతులు సిసిలీని విడిచి లండనునందును పారిసునందును నివసించిరి. 1870లో ప్రష్యా సైన్యములు పారిసును ముట్టడించినపుడు, వృద్ధురాలగు దొరసాని ఆ నగరమును విడిచి తన పుట్టినయూరగు జూలియాకునకు చేరెను. 1871 జనవరిలో అచటనే, డెబ్బదియారేండ్ల వయస్సున కన్నుమూసెను. ఆమె పేరును లోకము నూరేండ్లకు పైగా మరచెను. ఓడతో పోయిన వ్రాత లుండిన యెడల అట్లు జరుగకుండెడిదేమో. తుదకు 1997లో శుక్రగ్రహముపై ఒక బిలమునకు ఆమె పేరు పెట్టబడెను. పల్లెనుండి పారిసునకు నడిచిపోయిన పిల్ల పేరు నే డాకసమున నిలిచియున్నది.

విద్యార్థులారా! పవరు దొరసానికి గొప్ప గురువులు లేరు, పట్టములు లేవు, ప్రయోగశాల లేదు. లేనివానిని తానే చేసికొనెను. కుట్టుపనిలో నేర్చిన ఓర్పు, కొలతయందలి నిక్కము, తప్పు కుట్టును విప్పి మరల కుట్టుటకు జంకని గుణము, ఇవియే ఆమెను శాస్త్రజ్ఞురాలిని చేసినవి. చేతిపనిని చులకనగా చూచువారికిని, పెద్దల నోట విన్నదంతయు నిజమని నమ్మువారికిని ఆమె జీవితము మంచి జవాబు. మన కోస్తాతీరమున నివసించు పిల్లలు ఈ సెలవులలో ఒడ్డున సముద్రపు నురుగు బిళ్లనో, గుల్లనో ఏరుకొన్నపుడు, దానిని కట్టినవా రెవరు, ఎట్లు కట్టిరి, ఏల కట్టిరి అని తమ్ముతాము ప్రశ్నించుకొందురుగాక. తల్లిదండ్రులును అట్టి ప్రశ్నలకు విసుగుకొనక, తెలిసినంత చెప్పి, తెలియనిదానిని పిల్లలతో కలిసి చూచెదరుగాక. రెండువేల యేండ్ల పొరబాటు ఒక గాజు తొట్టి యెదుట కూర్చుండి వేచియుండుటచేతనే తీరినదని మరువకుడు.